వినపడని మనిషి చేసిన మాట్లాడే పెట్టె – థామస్ ఎడిసన్ జీవితం



ఈసారి మన గోడపత్రికలో మహనీయుల జీవితం కింద థామస్ ఆల్వా ఎడిసన్‌ను తీసుకున్నాం. ఎడిసన్ అంటే బల్బు చేసినాయన అని మూడో తరగతి పిల్లగాడు కూడా చెప్తడు. కానీ ఆయన చేసిన వాటన్నిటిలో ఆయనకు ఎక్కువ ఇష్టమైనది బల్బు కాదు, ఫోనోగ్రాఫ్. అంటే మైనపు గొట్టం తిరుగుతుంటే పాట వినిపించే పెట్టె.

ఆ పెట్టెలు ఇప్పుడు పాత వస్తువుల కింద అమ్ముడుపోతున్నాయి. హైదరాబాద్‌లో జుమ్మెరాత్ బజారు లాంటి చోట్ల పాత సామాను కోసం తిరిగేవాళ్ళు ఏది అసలో ఏది నకిలీయో తెలియక మోసపోయే అవకాశం ఉంది. ఎడిసన్ జీవితం తెలిసినవాడికి మాత్రం ఆ పెట్టెను పరీక్షించడం సగం వచ్చినట్టే. ఎందుకంటే ఆయన బతుకులో వచ్చిన ప్రతి మలుపూ ఆ పెట్టె మీద ఒక గుర్తు విడిచిపెట్టింది. అందుకే ఆయన కథ చెప్పుకుంటూ మధ్యమధ్యల పెట్టెను కూడా చూద్దాం.

బాల్యం

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం మిలాన్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి శామ్యూల్, తల్లి నాన్సీ. ఏడుగురు పిల్లల్లో ఈయనే చివరివాడు. ఆయనకు ఏడేళ్ళు వచ్చేసరికి ఆ కుటుంబం మిషిగన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరాన్‌కు వలస పోయింది. ఆయన బడికి పోయింది కొన్ని నెలలే. తల్లి అంతకుముందు టీచరుగా పనిచేసింది కాబట్టి ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పింది.

పన్నెండో ఏట రైల్లో పేపర్లు, మిఠాయిలు అమ్మే పనికి కుదిరాడు. మన షాద్‌నగర్ స్టేషన్‌లో బండి ఆగంగనే గంప పట్టుకొని పరుగెత్తే పిల్లలను చూసినం కదా, అట్లనే. 1862లో, అంటే పదిహేనేళ్ళ వయసులో, ఒక చిన్న అచ్చు యంత్రం సంపాదించి రైలు సామాను డబ్బాలో పెట్టుకున్నాడు. దాని మీద వీక్లీ హెరాల్డ్ అనే చిన్న పత్రిక అచ్చువేసి ప్రయాణికులకు అమ్మాడు. వార్తలు తెచ్చేదీ ఆయనే, అచ్చువేసేదీ ఆయనే, అమ్మేదీ ఆయనే. ఆ లెక్కన అది మన గోడపత్రికకు పెద్దన్న.

చిన్నప్పటి నుంచే ఆయనకు వినికిడి తగ్గిపోయింది. ఎందుకు తగ్గిందనేది ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్తారు. పెద్దయ్యేసరికి ఒక చెవి దాదాపు వినపడదు, రెండో చెవికి చాలా తక్కువ వినపడేది. ఇగ చూడండి, లోకానికి గొంతును దాచిపెట్టే యంత్రం ఇచ్చింది ఇట్లాంటి మనిషి!

తంతి పని

1862లోనే మౌంట్ క్లెమెన్స్ స్టేషన్‌లో పట్టాల మీదికి వచ్చిన స్టేషన్ మాస్టర్ కొడుకును ఎడిసన్ పక్కకు లాగి కాపాడాడు. ఆ తండ్రి కృతజ్ఞతగా ఆయనకు తంతి పని నేర్పించాడు. టక్, టక్ అనే చప్పుళ్ళను అక్షరాలుగా రాసుకునే పని అది. తర్వాత కొన్నేళ్ళు ఊరూరు తిరిగి తంతి ఆపరేటరుగా బతికాడు.

1869లో మొదటి పేటెంటు వచ్చింది. శాసనసభలో సభ్యుల ఓట్లను వెంటనే లెక్కపెట్టే యంత్రం అది. యంత్రం మంచిదే గాని కొనేవాళ్ళు లేకపాయె. జనానికి అక్కర లేనిది చేయగూడదని ఆయన అప్పుడే నిశ్చయించుకున్నాడు. 1876లో న్యూజెర్సీ రాష్ట్రం మెన్లో పార్కులో ప్రయోగశాల పెట్టాడు. కమ్మరి, వడ్రంగి, గడియారాలు బాగుచేసేవాడు, లెక్కలు తెలిసినవాడు అందరూ ఒక్క కప్పు కింద పనిచేసే చోటు అది.

మాట్లాడిన రేకు

1877లో ఆయన తంతి చుక్కలనూ గీతలనూ కాగితం మీద నొక్కులుగా ఎక్కించి, మళ్ళీ అదే కాగితాన్ని నడిపించి సందేశం పంపే యంత్రం మీద పనిచేస్తున్నాడు. కాగితం వేగంగా తిరిగినప్పుడు ఎవరో సణిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. నొక్కులు చప్పుడు చేస్తే, గొంతును కూడా నొక్కులుగా చేయవచ్చు కదా అని ఆయన ఆలోచించాడు.

ఇది ఎట్ల సాధ్యం? డప్పు మీద నాలుగు బియ్యం గింజలు వేసి దగ్గరగా గట్టిగా అరిచి చూడండి, గింజలు ఎగురుతాయి. గొంతు గాలిని కదిలిస్తది, గాలి తోలును కదిలిస్తది. ఎడిసన్ తోలుకు బదులు పలుచని రేకు బిళ్ళ పెట్టి, దానికి ఒక సూది తగిలించాడు. సూది కింద తగరపు రేకు చుట్టిన గొట్టం తిరుగుతుంది. మాట్లాడితే సూది పైకీ కిందికీ ఆడి తగరం మీద గుంతలు, మిట్టలు చేస్తది. సూదిని మళ్ళీ మొదటికి తెచ్చి అదే దారిలో నడిపిస్తే ఆ గుంతలు, మిట్టలు బిళ్ళను కదిలిస్తాయి. అప్పుడు అదే మాట తిరిగి వస్తది.

గీసిచ్చిన బొమ్మ చూసి ఆ యంత్రాన్ని చేతులతో చేసినవాడు జాన్ క్రూసీ అనే పనివాడు. 1877 డిసెంబరు మొదట్లో ఎడిసన్ దానిలోకి ఒక పిల్లల పాట చెప్పాడు, యంత్రం తిరిగి చెప్పింది. డిసెంబరు 24న పేటెంటుకు అర్జీ పెట్టాడు. 1878 ఫిబ్రవరి 19న 2,00,521 నంబరుతో పేటెంటు మంజూరైంది. ఆ ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు హేస్‌కు కూడా దాన్ని వినిపించాడు.

అదే 1878లో ఈ యంత్రం ఎందుకు పనికొస్తదో ఎడిసన్ ఒక పత్రికలో రాశాడు. ఉత్తరాలు చెప్పి రాయించడం, చూపు లేనివాళ్ళకు పుస్తకాలు, సంగీతం, మాట్లాడే బొమ్మలు, ఇంట్లో పెద్దల గొంతులు దాచుకోవడం ఆ పట్టికలో ఉన్నాయి. భాషలను పలికిన తీరుగనే భద్రపరచడం కూడా ఉంది. మిత్రులారా, ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి. మనకు సంబంధించింది అదే.

పదేళ్ళ మరుపు

పేరైతే వచ్చింది గాని ఎడిసన్ ఆ యంత్రాన్ని పక్కన పెట్టాడు. 1879లో కరెంటు దీపం, 1882లో న్యూయార్క్‌లో పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రం. పదేళ్ళు ఆ పనిలోనే పోయాయి. తగరపు రేకు నాలుగైదు సార్లు ఆడిస్తే చెడిపోయేది. ఈలోగా చిచెస్టర్ బెల్, చార్లెస్ టెయింటర్ అనే ఇద్దరు తగరానికి బదులు మైనం పూసిన అట్టగొట్టం మీద సూదితో గీసి 1886లో పేటెంటు తీసుకున్నారు. తన బిడ్డను వేరేవాళ్ళు పెంచుతున్నట్టు ఎడిసన్‌కు అనిపించి ఉంటది. మళ్ళీ పట్టుపట్టి కూర్చున్నాడు. 1888 జూన్‌లో సరిగ్గా నిద్ర లేకుండా దాదాపు మూడు రోజులు తన మనుషులతో కలిసి పనిచేసి కొత్త ఫోనోగ్రాఫ్ తయారు చేశాడు. దాని గొట్టం మొత్తం మైనమే. పైపొరను సన్నగా చెక్కేస్తే మళ్ళీ కొత్త గొంతు ఎక్కించుకోవచ్చు.

చెవికి సరిగా వినపడకపోతే ఆయన పెట్టె చెక్కను పళ్ళతో కరిచి పట్టుకొని వినేవాడు. చెక్క అదురు పళ్ళ ద్వారా తలలోకి పోయేది.

ఊరూరికీ పెట్టె

మొదట్లో ఆ పెట్టెలు బ్యాటరీతో నడిచేవి, ధర ఎక్కువ, దొరలకు తప్ప అందేవి కావు. 1896లో ఎడిసన్ నేషనల్ ఫోనోగ్రాఫ్ కంపెనీ పెట్టి, గడియారానికి ఇచ్చినట్టు చావి ఇస్తే నడిచే స్ప్రింగు పెట్టెలు అమ్మాడు. హోమ్ రకం 1896లో, స్టాండర్డ్ రకం 1898లో 20 డాలర్లకు, జెమ్ అనే చిన్న రకం 1899లో వచ్చాయి. ఈ రోజు బజారులో కనబడేవి ఎక్కువగా ఈ మూడు రకాలే.

1902 నుంచి అచ్చులో పోసిన నల్ల మైనపు గొట్టాలు వచ్చాయి. నిమిషానికి 160 చుట్లు తిరిగి రెండు నిమిషాల పాట వినిపిస్తాయి. వాటి మీద అంగుళానికి 100 గీతలు. 1908లో అంగుళానికి 200 గీతలతో నాలుగు నిమిషాల ఆంబెరాల్ గొట్టాలు వచ్చాయి, కానీ అవి పెళుసు. 1912లో సెల్యులాయిడ్‌తో నీలిరంగు బ్లూ ఆంబెరాల్ వచ్చింది. అది గట్టిది, దాని లోపల ప్లాస్టర్ ఉంటది.

అదే కాలంలో, అంటే మన షాద్‌నగర్‌కు తన కలం పేరు ఇచ్చిన మహారాజా కిషన్ పర్షాద్ హైదరాబాద్ రాజ్యానికి ప్రధానిగా ఉన్న రోజుల్లో, కలకత్తాలో హేమేంద్ర మోహన్ బోస్ అనే వ్యాపారి మైనపు గొట్టాల మీద బెంగాలీ పాటలు ఎక్కించాడు. రవీంద్రనాథ్ ఠాగూర్ గొంతు కూడా వాటిలో ఉండె. ఆ గొట్టాల్లో చాలావరకు నాశనమైపోయాయి.

ఓటమి, మంట, చివరి రోజులు

ఎమిల్ బెర్లినర్ 1887లో గుండ్రని పళ్ళెం మీద గీసే గ్రామఫోను తెచ్చాడు. పళ్ళేలను రొట్టెల్లా ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు, వేలకొద్దీ అచ్చు కొట్టొచ్చు. జనం అటే మళ్ళారు. ఎడిసన్ గొట్టమే మేలని చాలాకాలం పట్టు విడువలేదు. 1912 తర్వాత పళ్ళెం రికార్డులు చేసినా అప్పటికే ఆలస్యమైంది. పాటల ఎంపిక కూడా తానే చేస్తానని కూర్చునేవాడు. సరిగా వినపడని మనిషి, తనకు నచ్చిన గాయకులనే తీసుకునేవాడు. గొప్పవాడే గాని ఆ మొండితనం ఆయన కంపెనీకి నష్టం తెచ్చింది. మహనీయుల జీవితం రాసేటప్పుడు ఇది కూడా రాయాలి.

కుక్క బొమ్మ రికార్డు మనందరికీ తెలుసు. ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు ఆ బొమ్మను మొదట గీసినప్పుడు కుక్క ముందర ఉన్నది గొట్టం ఫోనోగ్రాఫే. ఆ బొమ్మను 1899లో గ్రామఫోను కంపెనీ కొన్నది. వాళ్ళు అడిగితే ఆయన పాత పెట్టె మీద రంగు వేసి పళ్ళెం యంత్రాన్ని గీశాడు. గొట్టానికి పట్టిన గతి ఆ ఒక్క బొమ్మలోనే ఉంది.

1914 డిసెంబరు 9న వెస్ట్ ఆరెంజ్‌లోని ఆయన ఫ్యాక్టరీ భవనాలు చాలా కాలిపోయాయి. అప్పుడు ఆయనకు 67 ఏళ్ళు. కొద్ది రోజుల్లోనే మళ్ళీ కట్టుడు మొదలుపెట్టాడు. 1929 చివర్లో ఆయన కంపెనీ గొట్టాలు, రికార్డులు చేయడం మానేసింది. 1931 అక్టోబరు 18న, 84 ఏళ్ళ వయసులో ఎడిసన్ కన్నుమూశాడు. ఆయన పేరున అమెరికాలో 1,093 పేటెంట్లు ఉన్నాయి. వాటి వెనుక క్రూసీ లాంటి ఎంతోమంది పనివాళ్ళ చేతులు కూడా ఉన్నాయి.

పెట్టె కొనేముందు చూడాల్సినవి

ఇప్పుడు జీవితంలో చదివినదాన్ని పెట్టె మీద చూద్దాం.

1. ముందు అది గొట్టం పెట్టెనా, పళ్ళెం పెట్టెనా చూడాలి. మన దగ్గర అన్నిటినీ గ్రామఫోను అనే అంటారు. పళ్ళెం తిరిగేది, ఇత్తడి బాకా తళతళ మెరిసేది, కుక్క బొమ్మ కొత్తగా అతికించింది అయితే జాగ్రత్త. అట్లాంటివి మన దేశంలోనే కొత్తగా చేసి పాతవని అమ్ముతున్నారు.

2. ఎడిసన్ పెట్టెకు ఇనుప పీట మీద ఒక రేకు పలక ఉంటది. దాని మీద రకం పేరు, సీరియల్ నంబరు, పేటెంటు తేదీలు ఉంటాయి. చెక్క మీద ఆయన సంతకం లాంటి ఎడిసన్ అక్షరాలు ఉంటాయి. పలక పీకేసినట్టున్నా, సంతకం మీద కొత్త వార్నిష్ పూసినా ధర తగ్గాలి. పాత రంగు మాసిపోయి ఉన్నా సరే, కొత్త రంగు కన్నా అదే మేలు.

3. గొట్టం తొడిగే ఇరుసు వంకర లేకుండా తిరగాలి. దాని పక్కన సన్నని మరలున్న పొడుగు కడ్డీ ఉంటది. సూదిని గొట్టం వెంట నడిపించేది అదే. మరలు అరిగితే సూది ఒక్క చోటనే ఆగుతది లేదా దుంకుతది.

4. చావి మెల్లగా ఇవ్వాలి. లోపల ధన్‌ధన్ అని కొట్టుకుంటే స్ప్రింగులో గ్రీజు ఎండిపోయింది లేదా స్ప్రింగు చెడింది. మూడు గుండ్లు తిరిగే వేగం నియంత్రిణి, తోలు బెల్టు, పండ్ల చక్రాలు ఉన్నాయా చూడాలి.

5. అన్నిటికంటే ముఖ్యం సూది ఉన్న గుండ్రని భాగం. దాన్ని రిప్రొడ్యూసర్ అంటారు. సి రకం రెండు నిమిషాల గొట్టానికి, హెచ్ రకం నాలుగు నిమిషాల గొట్టానికి. 200 గీతల గొట్టం మీద సి రకం పెడితే గీతలు పాడవుతాయి. బ్లూ ఆంబెరాల్ కోసం చేసిన వజ్రపు సూదిని మైనం మీద పెడితే ఒక్కసారికే మైనం చెక్కుకుపోతది. సూది మొన విరిగిందా అని భూతద్దంతో చూడాలి. ఈ భాగం లేని పెట్టెను సగం పెట్టె అనుకోవాలి.

6. గొట్టాన్ని బయట పట్టుకోగూడదు. రెండు వేళ్ళు లోపలికి పెట్టి, వేళ్ళు విప్పి లేపాలి. తెల్లటి మచ్చలుంటే అది బూజు, దాన్ని తుడిచి పోగొట్టలేం. పగుళ్ళున్నా, లోపలి ప్లాస్టర్ ఉబ్బి ఇరుసుకు ఎక్కకపోయినా బలవంతం చేయొద్దు. మన పాలమూరు ఎండలో అయితే మైనపు గొట్టాన్ని ఒక్క పూట కూడా బయట పెట్టొద్దు.

7. గోధుమరంగు మైనపు గొట్టం దొరికి, దాని మీద ఏ పేరూ లేకపోతే, దాన్ని అస్సలు ఆడించొద్దు. అది ఎవరో ఇంట్లో తమ గొంతు ఎక్కించుకున్నది కావచ్చు. ఆడించిన ప్రతిసారీ సూది ఆ గొంతును కొంచెం గీకేస్తది. ఇప్పుడు అమెరికాలో లారెన్స్ బర్క్లీ ప్రయోగశాల తయారుచేసిన పద్ధతితో సూది తగలకుండా వెలుతురుతో ఫోటోలు తీసి పాటను కంప్యూటరులో వినగలుగుతున్నారు.

ఈ ఏడో మాట మనకెందుకంటే

పెట్టె కొనేవాడు చెక్క, ఇనుము, బాకా చూసి ధర కడతాడు. అట్లాంటి పెట్టె ఇంకోటి ఎక్కడో దొరుకుతది. గొట్టం మీద ఉన్న గొంతు మాత్రం లోకంలో ఒక్కటే.

పళ్ళెం పెట్టె రికార్డును వినిపించేదే గాని, మనం పాడితే ఎక్కించుకునేది కాదు. గొట్టం పెట్టె ఎక్కించుకునేది. అందుకే గిరిజనుల పాటల కోసం పోయినవాళ్ళు దాన్నే మోసుకొని పోయారు. 1890 మార్చిలో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అనే ఆయన అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పసమాక్వాడీ అనే గిరిజనుల పాటలు, కథలు మైనపు గొట్టాల మీద ఎక్కించాడు. ఊర్లోకి పోయి ఇట్లా పాటలు పట్టడం అదే మొదలు. మన వైపు మద్రాసు మ్యూజియంలో పనిచేసిన ఎడ్గర్ థర్స్టన్, ఆయన సహాయకుడు కె. రంగాచారి కూడా దక్షిణాది తెగల పాటలను ఫోనోగ్రాఫ్‌లో పట్టారు. థర్స్టన్ ఏడు సంపుటాలు 1909లో అచ్చయ్యాయి.

పసమాక్వాడీల కథ ఇంకా ఉంది. ఫ్యూక్స్ ఎక్కించిన పాటలు ఎన్నో ఏళ్ళు మ్యూజియంలో, లైబ్రరీలో ఉండిపోయాయి. పాడినవాళ్ళ మనుమలు, మునిమనుమలకు అవి అందలేదు. 1980ల నుంచి వాటి కాపీలు ఆ తెగవాళ్ళకు తిరిగి చేరాయి. ఇప్పుడు వాళ్ళ పెద్దలే కూర్చొని విని, ఏ పాట ఏ పండుగదో, ఏ మాటకు ఏ అర్థమో తమ భాషలో చెప్తున్నారు. మరిచిపోయిన పాటలను ఆ గొట్టం నుంచి మళ్ళీ నేర్చుకుంటున్నారు. 1878లో ఎడిసన్ కాగితం మీద రాసుకున్న ఆశ వందేళ్ళు దాటినంక వాళ్ళ నోట్లో నిజమైంది.

మన హాస్టల్లో లంబాడీలున్నారు, ఎరుకలవాళ్ళున్నారు, నల్లమల నుంచి వచ్చిన చెంచు పిల్లలున్నారు. తీజ్ పండుగకు మొలకల బుట్టల చుట్టూ పాడే పాటలు, పెండ్లిలో అమ్మాయిని సాగనంపేటప్పుడు యాడీలు గొంతెత్తి ఏడుస్తూ పాడే పాటలు ఎంతమందికి పూర్తిగా వస్తాయి? మన భాషకు లిపి లేదని బడిలో అవి రాసుకోలేదు. పాడే ముసలమ్మ పోతే ఆ పాట కూడా పోయినట్టే.

మనకు మైనపు గొట్టం అక్కర లేదు. సెలవులకు తండాకు పోయినప్పుడు ఇంట్లో ఎవరి దగ్గరైనా ఫోన్ ఉంటే చాలు. ముందు పాడేవాళ్ళ అనుమతి అడగాలి. పాట మొదలుకాక ముందే పాడేవాళ్ళ పేరు, తండా పేరు, తేదీ ఫోన్‌లో గట్టిగా చెప్పాలి. ఫ్యూక్స్ గొట్టాల మీద ఆ వివరాలు సరిగ్గా లేకనే అక్కడి పెద్దలకు ఇన్నేళ్ళ తర్వాత అంత కష్టమైంది. పాట అయిపోయినంక అర్థం అడిగి నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకోవాలి. ఫోన్ పోయినా మిగిలేటట్టు ఇంకో చోట కాపీ పెట్టాలి.

సెలవుల తర్వాత ఒక్కొక్కరు ఒక్క పాట తెచ్చినా చాలు. వార్డెన్ సార్లు ఒప్పుకుంటే వచ్చే నెల గోడపత్రికలో ఈ పాటలకే ఒక పూర్తి షీటు ఉంచుదాం. పేర్లు ఇయ్యదలిచినవాళ్ళు లైబ్రరీ బల్ల మీద పెట్టిన కాగితంలో రాయండి.